ఇరుసు మీద అడ్డగీత

కడప
12 జూన్ 2023

తమ్ముడు వీరభద్రకు,

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, నాలుగుసార్లూ నేను ఎత్తలేదు. అలిగానని అనుకోవద్దు. ఇక మీదట అసలైన మాట ఏదీ ఫోన్లో మాట్లాడను. ఎందుకో ఇంకోసారి చెప్తాను. ఏదున్నా కాగితం మీద రాయి, నేనూ రాస్తాను. పదో తరగతి దాకా చదివించిన నాయన కష్టం ఇన్నాళ్ళకు పనికొస్తోంది.

మీ బావ పోయి నాలుగు నెలలు. పోలీసు కాగితంలో ఏముందో మొన్న వకీలు చదివి వినిపించాడు. డ్రైవరు పెద్ద ఈరన్న తాగి నడిపినందువల్ల ట్రైలర్ పల్టీ కొట్టిందట. ఇరవై రెండేళ్ళు బండి నడిపిన మనిషి, స్టీరింగు పట్టుకునే రోజు వక్కపొడి కూడా నోట్లో వేసుకోని మనిషి, తాగుబోతుగా పోయాడు. ఆ మాట రాయించింది బండి యజమాని, సావుకారి రాఘవేంద్రప్రసాద్. చక్రం కాలుతోంది, వాసన వస్తోంది అని మీ బావ రెండుసార్లు చెప్తే, "ఈ లోడు దింపేసి రాపో, మళ్ళ చూస్తాం" అన్నదీ ఆయనే. మైదుకూరు దాటాక చక్రం ఊడిపోయింది. బండల లోడంతా ముందుకొచ్చి క్యాబిన్ మీద పడింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. ఆ నాలుగు రోజుల్లో రక్తం తీసి మందుందో లేదో చూడాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పక్క సీట్లో ఉన్న రెండో డ్రైవరు దావీదురాజు ఒక్కడే పోలీసుల ముందు నిలబడ్డాడు. "ఈరన్నన్న ఆ పొద్దు చుక్క తాగల్యా సార్, నేను పక్కనే ఉంటి" అని చెప్పి సంతకం పెట్టాడు. మరునాడే సావుకారి అతణ్ణి పనిలోంచి తీసేశాడు. కోర్టులో కూడా చెప్తానని నాకు మాటిచ్చాడు. మీ బావ పేరు కడగడానికి మనకున్నది ఆ ఒక్క నోరే.

నేను ఊరికే కూర్చోలేదులే. సావుకారి బండల యార్డు గేటుకు సరిగ్గా ఎదురుగా ఉగ్గాని, బజ్జీల బండి పెట్టాను. పొద్దున ఆయన కారు లోపలికి పోవాలంటే నా ముఖం చూసే పోవాలి. అద్దం ఎత్తుకుంటాడు. ఎత్తుకోనీ, నేనెక్కడికీ పోను.

అసలు సంగతి. నిన్న డ్రైవర్లు బజ్జీలు తింటూ మాట్లాడుకున్నారు. మూడో నంబరు ట్రైలర్‌కు ఎడమ వైపు ఇరుసు కొన అరిగిపోయిందట, మీరు స్పిండిల్ అంటారే అది. కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఉస్తాద్ షెడ్డుకు పంపుతున్నారట. అంటే నీ దగ్గరికి. నువ్వు ఎవరి తమ్ముడివో వాళ్ళకు తెలియదు.

నీ పని గురించి నాకు పెద్దగా తెలియదు. మీ బావ బండి ఇరుసుకు ఎవడో పైపైన అతుకు వేసి పంపాడని డ్రైవర్లు అంటారు చూడు, అట్లే దీనికీ చెయ్యి. పైన రంగు మాత్రం బాగా పుయ్యి.

సుంకులమ్మ


కర్నూలు
21 జూన్ 2023

అక్కకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే మూడో నంబరు ఇరుసు విప్పాను. విప్పే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి చదివాను.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ పొద్దు మైదుకూరు రోడ్డు మీద బావ బండి విరిగిన ముక్కను నేను చేత్తో పట్టుకుని చూశాను. విరిగిన ముఖం సగం తెల్లగా మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. మెరిసేది అప్పుడు విరిగింది. నల్లగా ఉన్నది ఎన్నో నెలల ముందే లోపల చీలింది. ఎవడో ఇనుమును కాచకుండా కొత్త కొన అతికించి, బండి తొందరగా రోడ్డెక్కాలని నీళ్ళు పోసి చల్లార్చి, రంగు పూసి పంపాడు. పోలీసులను పిలుచుకొచ్చి చూపిద్దామనుకుంటే తెల్లారేసరికి ఆ ఇరుసును సావుకారి మనుషులు పాత ఇనుముకు వేసేశారు.

నేను పని ఎట్లా చేస్తానో చెప్తాను విను. చెడిన కొనను కోసేస్తాను. ఇరుసులో ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగాటి కమ్మీ దూర్చి, కొత్త కొనను వెంట్రుకంత వంకర లేకుండా నిలబెడతాను. మీద ప్రత్యేకమైన సుద్దతో గీసి, ఆ గీత కరిగేదాకా గ్యాసు మంటతో కాచి, అప్పుడు వరసకొక వరస వెల్డింగు పెడతాను. అయ్యాక చుట్టూ ఊక బూడిద మూటలు కట్టి మరునాటి దాకా ముట్టను. నిదానంగా చల్లారితేనే ఇనుము మాట వింటుంది. డ్రైవర్లు నన్ను తిట్టుకుంటారు, నేను పట్టించుకోను.

మూడో నంబరుకు కూడా అట్లే చేశాను. కోప్పడతావు, కోప్పడు. ఆ బండి నడిపేది సావుకారి కాదు. హనుమేష్ అని ఆదోని పక్క మనిషి. బూడిద చల్లారేదాకా నా పక్కన కూర్చుని జొన్నరొట్టె విప్పి, "తీసుకో అన్నా, మా ఆడమనిషి శానా చేసి పంపినాది" అని సగం నాకు పెట్టాడు. అతని భార్యకు నీ బతుకు ఇవ్వడం నా వల్ల కాదు.

అట్లని నాకు కసి లేదనుకోకు. మా షెడ్లలో ఒక కట్టుబాటు ఉంది. చక్రం నడిమి హబ్బు విప్పినవాడు లోపలి స్పిండిల్ మెడ మీద పంచ్‌తో తన గుర్తు, నెల, సంవత్సరం కొడతాడు. మూసేస్తే గ్రీజు కింద ఎవరికీ కనబడదు, మళ్ళీ విప్పిన మెకానిక్కుకే కనబడుతుంది. ఆ గుర్తు పక్కన ఉలితో రెండు అడ్డగీతలు ఉంటే, ఈ బండి యజమాని ఒక మనిషి ప్రాణం తీసి తప్పించుకున్నాడని అర్థం. చూసినవాడు హబ్బు మూసేసి, సామాను లేదని చెప్పి బండిని పంపేస్తాడు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగడు. డ్రైవరుకు చెప్పడు. మా ఉస్తాద్ ముప్పై ఏళ్ళలో రెండేసార్లు కొట్టాడు. కర్నూలు నుంచి కడప దాకా ఆ గీత తెలియని షెడ్డు లేదు.

గ్రీజు మార్చాలని చెప్పి మూడో నంబరుకు అన్ని హబ్బులూ విప్పాను. ప్రతి కొనకూ గీత కొట్టాను. సావుకారికి ఇంకా అయిదు ట్రైలర్లు ఉన్నాయి. కొట్టమంటావా?

వీరభద్ర


కడప
27 జూన్ 2023

వీరభద్రా,

హనుమేష్ రొట్టె నీకు బాగా రుచించినట్టుంది. మీ బావ కూడా రోడ్డు మీద ఎంతోమందికి సగం రొట్టె పెట్టినవాడే. తిన్నవాళ్ళలో దావీదు తప్ప ఎవడూ స్టేషన్ మెట్లెక్కలేదు.

నేను అడిగింది ఒకటి, నువ్వు చేసింది ఇంకొకటి. అయినా నీ గీత నాకు నచ్చింది. ఆయన్ను ఒక్కసారిగా చంపితే ఏముంది, రెండు రోజులు ఏడుస్తారు, మూడో రోజు పెద్దమనిషి అంటారు. బండి ఆగిపోవాలి, ఎందుకాగిందో తెలియకూడదు. ఎవర్ని అడిగినా ముఖం తిప్పుకోవాలి. నన్ను చూసి ఈ ఊరు తిప్పుకున్నట్టు.

అయిదింటికీ కొట్టు. ఒక్కటీ వదలొద్దు.

సుంకులమ్మ


కర్నూలు
30 అక్టోబరు 2023

అక్కకు,

ఈ నాలుగు నెలల్లో నాలుగు బండ్లు నా షెడ్డుకే వచ్చాయి. ఆరో నంబరు రాలేదు, అది నంద్యాలలో ఆగింది. అక్కడ నా ఉస్తాద్ దగ్గరే పని నేర్చిన భూపేష్ ఉన్నాడు. ఒక మాట చెప్పి పంపాను, అతనే కొట్టాడు. ఇక ఆరూ అయినట్టే.

నిజం చెప్పాలంటే, మొదటిసారి ఉలిని రెండుసార్లు కిందపెట్టి మళ్ళీ ఎత్తాను. నాలుగోదానికి వచ్చేసరికి పాట పాడుకుంటూ కొట్టాను. నాకే ఆశ్చర్యం వేసింది. సావుకారి మేనేజర్ జ్ఞానేశ్వర్ కూడా ఒక బండితో వచ్చాడు. నున్నగా మాట్లాడతాడు. "మీ పని బో నీటు అప్పా, మా సార్‌కు మీ గురించి చెప్తా" అని చెయ్యి కలిపాడు. గ్రీజు చెయ్యే ఇచ్చాను. జేబురుమాలుతో తుడుచుకుంటూ పోయాడు.

కేసు ఎప్పటికి వస్తుందో వకీలును అడుగు. దావీదును బాగా చూసుకో.

వీరభద్ర


కడప
18 ఫిబ్రవరి 2024

తమ్ముడు వీరభద్రకు,

నేటితో మీ బావ పోయి ఏడాది. ఆయన పేరు మీద బండి దగ్గర అందరికీ ఊరికే ఉగ్గాని పెట్టాను. దావీదు పొద్దున్నే వచ్చి ఉల్లిగడ్డలు తరిగిచ్చాడు.

నీ గీత పట్టింది. రెండో నంబరు చాగలమర్రి దగ్గర తొమ్మిది రోజులు నిలబడింది. అయిదో నంబరును ఆళ్ళగడ్డ నుంచి వేరే లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. గేటు బయట సావుకారి కారు దిగి, తల పట్టుకుని ఫోన్లో అరుస్తున్నాడు. "ఒగ మెకానిక్ గూడా దొరకల్యా అంటే ఎట్ల నమ్మేది? రోడ్డు పొడుగునా షెడ్లే గదయ్యా ఉండేది" అని. నేను బజ్జీలు తిప్పుతూ విన్నాను. ఏడాదిలో ఆ రోజే నాకు ఆకలేసింది. రెండు ప్లేట్లు తిన్నాను తమ్ముడా. నవ్వొచ్చింది కూడా.

ఫోన్ సంగతి చెప్తానన్నాను కదా. నీకు ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పలేను. ప్రమాదం జరిగిన రోజు నేను ఆస్పత్రి వరండాలో ఉన్నప్పుడు జ్ఞానేశ్వర్ ఫోన్ చేశాడు. ఎంతో దయగా మాట్లాడాడు. ధైర్యంగా ఉండమ్మా, మేమున్నామన్నాడు. మధ్యలో, "అన్నకు అలవాటేమన్నా ఉండాదా తల్లీ, డాక్టర్లు అడుగుతాండారు" అన్నాడు. డాక్టర్లకు కావాలేమో అనుకుని చెప్పాను. "ఎప్పుడన్నా పండగలకు తాగుతాడు సార్, చెప్తే నా మాట యాడ వింటాడు" అన్నాను. అదంతా ఫోన్లో రికార్డు చేసి స్టేషన్లో వినిపించారు. ఎప్పుడన్నా అన్నది, పండగలకు అన్నది కోసేశారు. తాగుతాడు సార్, నా మాట యాడ వింటాడు. అంతే మిగిలింది. నా గొంతే. నా మొగుణ్ణి తాగుబోతును చేసింది నా నోరే.

అందుకే ఈ సావుకారిని నేను క్షమించేది లేదు. ఆయన తన నోటితో అబద్ధం చెప్పి ఉంటే ఏదో ఒక రోజు మరిచిపోయేదాన్నేమో. నా నోటితో చెప్పించాడు.

సుంకులమ్మ


కర్నూలు
9 మే 2024

అక్కకు,

నీ ఉత్తరం ఫిబ్రవరి నుంచి జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. నీ తప్పు లేదు. ఎన్నిసార్లైనా అంటాను. నువ్వు నమ్మవని కూడా తెలుసు.

ఒక సంగతి మనసులో తిరుగుతోంది. సావుకారి ట్రైలర్లు అమ్మకానికి పెడుతున్నాడని బ్రోకర్లు అనుకుంటున్నారు. అమ్మితే యజమాని మారతాడు, గీత మారదు. అది ఇనుములో ఉంది. కొన్నవాడు ఎవరో పాపం, అతని బండిని కూడా ఎవరూ ముట్టుకోరు. నువ్వు గేటు ఎదురుగానే ఉంటావు కాబట్టి ఎవరికి అమ్మాడో నీకు తెలుస్తుంది. కొన్నవాణ్ణి నా దగ్గరికి పంపు. గ్రైండరు పెట్టి చెరిపేస్తాను.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. ఒక బండి మీద గీత చెరిపితే ఆ యజమాని బండ్లన్నిటి మీదా చెరిపినట్టే లెక్క. అది కట్టుబాటు. చెరిపినవాడే షెడ్డు షెడ్డుకూ పోయి, ఫలానావాడి మీద గీత ఎత్తేశాం అని చెప్పి రావాలి. సగం ఎత్తడం, సగం ఉంచడం లేదు. అంటే సావుకారి దగ్గర మిగిలిన బండ్లు కూడా బయటపడతాయి. పడితే పడనీ అక్కా. మనం చాలా వరకు తీర్చుకున్నాం.

వీరభద్ర


కడప
3 జూన్ 2024

వీరభద్రా,

చాలా వరకు అంటే ఎంత వరకు? నువ్వు కొలిచావా?

రెండు ట్రైలర్లు అమ్మాడు. ఎవరు కొన్నారో నాకు తెలియదు. బ్రోకరు వచ్చాడు, తీసుకుపోయాడు. కర్ణాటక వాళ్ళని ఎవరో అన్నారు. ఇంకా నాలుగు గేటు లోపల ఉన్నాయి. ఆ నాలుగూ తుప్పు పట్టి, ఆయన కూడా వాటి పక్కన నిలబడి తుప్పు పట్టాలి. అప్పటిదాకా గీత మీద చెయ్యి వెయ్యొద్దు. నా మీద ఒట్టు.

కేసు డిసెంబరులో వస్తుందట. దావీదు బాగున్నాడు.

సుంకులమ్మ


కర్నూలు
14 సెప్టెంబరు 2024

సుంకులమ్మకు,

నిన్న ఒక ట్రైలర్‌ను క్రేనుకు కట్టి నా షెడ్డుకు తెచ్చారు. ఎర్ర రంగు కొత్తగా వేసి ఉంది. ముందు అద్దం మీద యెహోవా యీరే అని, వెనక తలుపు మీద "పెద్ద ఈరన్న జ్ఞాపకార్థం" అని రాసి ఉంది. కుడి వైపు చివరి హబ్బు విప్పాను. గ్రీజు తుడిస్తే నా గుర్తు, నా నెల, నా అడ్డగీతలు. మూడో నంబరు.

బండి కొన్నది దావీదేనని, దెబ్బ తగిలి పెద్దాసుపత్రిలో ఉన్నాడని క్రేనువాళ్ళు చెప్తే అక్కడికి పోయాను. దావీదు అన్నీ వరసగా చెప్పాడు. కడపలో బండలు ఎక్కించుకుని హైదరాబాదు బయలుదేరాడు. మైదుకూరులోనే చక్రం కాలడం మొదలైంది. షెడ్డుకు తీసుకుపోతే విప్పి, చూసి, సామాను లేదని మూసేశారు. చాగలమర్రిలో అదే. ఆళ్ళగడ్డలో అదే. నంద్యాలలో భూపేష్ కూడా మూసి పంపేశాడు. మొన్న భూపేష్ నాకు ఫోన్ చేసి, "నీ గీత బండి ఒగటి వచ్చిండె అన్నా, నీళ్ళు గూడా ఇయ్యకుండా పంపిస్తి" అన్నాడు. నేను భళా అన్నాను.

పాణ్యం దాటాక దావీదు తనే జాకీ పెట్టి, ఆ ఇరుసును గొలుసుతో పైకి కట్టేద్దామని కిందికి దూరాడు. లోడుతో ఉన్న బండి. జాకీ జారింది. కుడి చెయ్యి స్ప్రింగు పట్టీలకూ ఇరుసుకూ మధ్య పడింది. మణికట్టు పైన తీసేశారు.

నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. "అన్నా, నువ్వు మెకానిక్ గదా, నాకు ఒగటి చెప్పు. నాలుగు షెడ్లల్లో నా బండిని ముట్టుకోల్యా. నేనేం పాపం చేసినా?" అని అడిగాడు. బండి కొన్న రోజు నీ దగ్గరికి వచ్చి చెప్పానని, వెనక అన్న పేరు రాయించుకుంటానంటే నువ్వు సరేనన్నావని కూడా చెప్పాడు.

కొన్నవాడు ఎవరో తెలియదని నాకు రాశావు. నాకు జవాబు కావాలి.

వీరభద్ర


కడప
19 సెప్టెంబరు 2024

వీరభద్రా,

తెలుసు. కొన్న రోజే తెలుసు.

మే నెల ఆఖర్లో, అప్పు చేసి బ్రోకరు దగ్గర బండి కొన్న రోజు, దావీదు భార్యాపిల్లలను తీసుకుని వచ్చాడు. "వదినా, అన్న పక్కన కూసోని నేర్చుకున్న బండ్లు ఇవి, ఒగటి మనదే అయింది సూడు" అన్నాడు. పిల్లలకు బజ్జీలు కట్టిచ్చాను. అన్న పేరు రాసుకుంటానంటే రాసుకో అన్నాను. వాళ్ళు పోయాక నీ మే నెల ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. దావీదును నీ దగ్గరికి పంపితే సావుకారిని వదిలేసినట్టు. నాలుగు బండ్లు గేటు లోపల కనబడుతున్నాయి. దావీదు బండి నువ్వు బాగుచేసిందే కదా, రెండేళ్ళు దానికేమీ కాదులే అనుకున్నాను. డిసెంబరులో కేసు అయిపోయాక పంపుదాంలే అనుకున్నాను. ఇట్లా అనుకోవడం ఎంత సులభమో నీకు తెలియదు.

ఇంకొకటి కూడా విను. సావుకారి ఆ నాలుగూ పోయిన నెలలో అమ్మేశాడు. యార్డు చదును చేసి కల్యాణమండపం కడుతున్నాడు. లారీల వ్యాపారం పీడ వదిలిందని అందరితో సంతోషంగా చెప్తున్నాడట. శంకుస్థాపన రోజు వాచ్‌మన్‌తో నాకూ ఒక లడ్డూల పెట్టె పంపాడు. ఆయనకు ఒక్క గీత కూడా తగల్లేదు తమ్ముడా.

సుంకులమ్మ


కర్నూలు
2 అక్టోబరు 2024

అక్కకు,

తిట్టాలని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. తిట్టే మొహం నాకు లేదు. పోయినేడు జూన్‌లో గీతలు కొడుతున్నప్పుడే ఆ కుడి వైపు కొన కొద్దిగా అరగడం చూశాను. చెప్పి ఉంటే బాగుచేయించుకునేవాళ్ళు. సావుకారి సొత్తే కదా, అరగనీ అనుకుని గ్రీజు పూసి మూసేశాను. హనుమేష్ భార్య గురించి నీకు అంత గొప్పగా రాసిన చేత్తోనే మూశాను.

దావీదు బండి ఇరుసు మొత్తం సరిచేశాను. గీతలు చెరిపేశాను. మైదుకూరు దాకా ప్రతి షెడ్డుకూ పోయి గీత ఎత్తేశామని చెప్పాను. భూపేష్ గడప మీద కూర్చుని ఏడ్చాడు. ఇంకో అయిదు బండ్లు ఏ ఊళ్ళల్లో ఎవరి కింద తిరుగుతున్నాయో తెలియదు. వెతుకుతున్నాను.

దావీదు కడపకు వచ్చేశాడు. అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. నేను ఆస్పత్రిలో చెప్పలేకపోయాను. నువ్వు చెప్తావా, నన్ను రమ్మంటావా? కేసు అయ్యేదాకా ఆగుదామని మాత్రం అనొద్దు.

వీరభద్ర


కడప
20 డిసెంబరు 2024

తమ్ముడు వీరభద్రకు,

కేసు అయ్యేదాకా ఆగుదామనే అనిపించింది. నీకు అబద్ధం రాయడం మానేశాను కాబట్టి రాస్తున్నాను. రెండు వారాలు ఆ వీధి దాకా పోయి తిరిగొచ్చాను. మూడో వారం పోయి చెప్పాను.

మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. అంతా చెప్పాను. నీ గీత, నా ఉత్తరం, నువ్వు పంపమన్నది, నేను పంపనిది. నీ తప్పు కొంచెం చెప్పాను, నా తప్పు మొత్తం చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "పిల్లోళ్ళకు బజ్జీలు కట్టిస్తివే, అప్పుడు గూడా తెలుసునా వదినా?" అని అడిగాడు. తెలుసు అన్నాను. అతని భార్య గిన్నె పక్కన పెట్టి పిల్లలను లోపలికి తీసుకుపోయింది. "సరే, పో" అన్నాడు. కోర్టు గురించి నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు.

నిన్న కేసు పిలిచారు. సావుకారి తెల్ల బట్టలు వేసుకుని జ్ఞానేశ్వర్‌తో వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. దావీదు వస్తాడో రాడో అనుకున్నాను, వచ్చాడు. చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. నాకు ఆశ పుట్టింది తమ్ముడా. సిగ్గులేకుండా పుట్టింది.

మన వకీలు అడిగాడు, ఆ రోజు పెద్ద ఈరన్న తాగి ఉన్నాడా అని. దావీదు జడ్జి వైపు చూసి, "నాకు తెలీదు సార్. నేను నిద్రపోతాంటి" అన్నాడు. పోలీసులకు తాగలేదని చెప్పావు కదా అని వకీలు ఆ కాగితం చూపించాడు. "సంతకం నాదే సార్. ఏం చెప్పినానో గుర్తు ల్యా" అన్నాడు. వకీలు ఎన్ని రకాలుగా అడిగినా అదే. సావుకారి కూడా ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూశాడు. దావీదును ఆయన డబ్బుతో కొనలేదు తమ్ముడా, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. తీర్పు ఇంకా రాయలేదు గానీ, ఏం రాస్తారో వకీలు దారిలో చెప్పేశాడు. మీ బావ తాగి నడిపినవాడిగానే ఉండిపోతాడు.

బయట వరండాలో దావీదు దగ్గరికి పోయి నిలబడ్డాను. అతని భార్య అడ్డం రాబోతే ఆపాడు. గొంతు పెంచకుండా, మీ బావ దగ్గర మాట్లాడినట్టే మర్యాదగా మాట్లాడాడు.

"ఆ పొద్దు అన్న చుక్క తాగల్యా. అది నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంగ ఎవురికీ తెలియాల్సిన పని ల్యా" అన్నాడు.

ఆటో పిలిచి, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. నేను అక్కడే చాలాసేపు కూర్చున్నాను. కోపం కోసం వెతుక్కున్నాను, ఎంత వెతికినా రాలేదు. అతను చేసింది నాకు బాగా అర్థమైంది. అతని చోట నేనుంటే అదే చేసేదాన్ని.

సుంకులమ్మ